జొన్న చేనుకు మిట్టమధ్యాహ్నం లెక్కలేదు

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి నుంచి పడమరకు పోతే ప్రొద్దుటూరు, తూర్పుకు పోతే బద్వేలు. దక్షిణాన కడప, ఉత్తరాన ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల, కర్నూలు. ఈ చుట్టుపక్కల కేసీ (కర్నూలు-కడప) కాలువ పారే చోట వరి మళ్లు, పసుపు తోటలు కనిపిస్తాయి. కాలువ అందని మెట్టన జొన్న, కొర్ర, సజ్జ, శనగ. దున్నడానికి కూడా పనికిరాని రాతినేల మీద నాగజెముడు, కలబంద. తూర్పు కొండలెక్కితే నల్లమల, లంకమల అడవులు. వీటన్నిటి మీదా పడే ఎండ ఒక్కటే. దాన్ని వాడుకునే తీరు మాత్రం ఒక్కటి కాదు. వరికి తెలిసిన విద్య వేరు, జొన్నకు తెలిసినది వేరు, నాగజెముడుది మరీ వేరు.

వేసవి మధ్యాహ్నం మబ్బు లేని ఆకాశం కింద ఒక చదరపు మీటరు నేల మీద దాదాపు వెయ్యి వాట్ల సౌరశక్తి పడుతుంది. జమ్మలమడుగు పక్కన మైలవరంలోనూ, కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల భూముల్లోనూ సౌర పలకలు పరిచింది ఇందుకే. గని-శకునాల పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. 2017లో పని మొదలుపెట్టింది. అలాంటి పలక తన మీద పడిన ఎండలో ఇంచుమించు ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. పక్క చేలోని పంట సంగతి చూస్తే, విత్తినప్పటి నుంచి కోసేదాకా పడిన ఎండలో నూటికి ఒక పాలు దాచుకోగలిగితే అది మంచి పంటే. సిద్ధాంతం ప్రకారం అన్నీ కలిసొచ్చినా వరి లాంటి మొక్క 4.6 శాతం, జొన్న లాంటి మొక్క 6 శాతం దాటలేవు.

ఈ అంకెలు చూసి ఆకును తీసిపారేయనక్కర్లేదు. పలకను ఎక్కడో కార్ఖానాలో చేసి, లారీలో తెచ్చి, బిగించి, దుమ్ము పట్టకుండా కడుగుతూ ఉండాలి. ఆకు తనను తాను కట్టుకుంటుంది. పట్టిన ఎండను గింజలోనో దుంపలోనో దాచి, వచ్చే ఏడాది కూడా తినడానికి పెడుతుంది. ఎండను కరెంటు చేయడం వేరు, తిండి చేయడం వేరు.

ఆ తిండి తయారీలో ఎండ చేసే మొదటి పని నీటిని విడగొట్టడం. ఆకు కణాల్లోని హరితరేణువుల్లో దొంతరలు దొంతరలుగా పల్చని పొరలుంటాయి. వాటిని థైలకాయిడ్లు అంటారు. వాటిలో అమర్చి ఉన్న పత్రహరితం ఎరుపు, నీలి కాంతులను బాగా పీల్చుకుని, ఆకుపచ్చలో కొంత వెనక్కి వదిలేస్తుంది. కాంతి తగిలిన పత్రహరితం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి మరో ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచో రావాలి. అది నీటి నుంచి వస్తుంది. రెండు నీటి అణువులు విడిపోతే నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు, ఒక ఆక్సిజన్ అణువు మిగులుతాయి. మొక్కకు ఇక్కడ కావలసింది ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు. మనం పీల్చే ఆక్సిజన్ ఆ పనిలో బయటపడే చెత్త.

ప్రయోగశాలలో నీటిని విడగొట్టాలంటే కరెంటు పెట్టాలి. ఆకు దాన్ని మామూలు వేడిలో, చడీచప్పుడు లేకుండా చేసేస్తుంది. ఎలాగన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 2011లో జపాన్‌లోని శాస్త్రవేత్తలు జియాన్-రెన్ షెన్, నొబువో కమియాల బృందం ఆ పని చేసే ప్రోటీన్ గుండెకాయను పరమాణువుల స్థాయిలో చూపించింది. నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన చిన్న గుత్తి అది. భూమ్మీద ఏ ఆకు కోసి చూసినా అదే గుత్తి. మాంగనీసు లోపిస్తే పంట ఆకులు పాలిపోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది.

నీటి నుంచి వచ్చిన ప్రోటాన్లు థైలకాయిడ్ పొరకు లోపలి వైపు పోగవుతాయి. ఎలక్ట్రాన్లు పొర వెంట చేతులు మారుతూ పోయేటప్పుడు మరికొన్ని ప్రోటాన్లను లోపలికి నెడతాయి. కాసేపటికి ఒక వైపు కిక్కిరిసి, మరో వైపు పల్చబడుతుంది. మైదుకూరు పక్కనే తెలుగుగంగ నీళ్లు నిలిపిన బ్రహ్మంసాగర్‌లో కట్ట వెనక నీరు తూము వైపు ఎలా నెట్టుకొస్తుందో, ఈ ప్రోటాన్లు కూడా పొరలోని ఒకే ఒక దారి గుండా బయటికి దూకుతాయి. ఆ దారిలో కూర్చున్న ప్రోటీన్ యంత్రం నిజంగానే గిరగిరా తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఏటీపీ అనే అణువులు తయారవుతాయి. పీటర్ మిచెల్ 1961లో ఈ సంగతి చెబితే తోటివాళ్లు చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ బహుమతి వచ్చేసరికి నమ్మనివాళ్లు పెద్దగా మిగల్లేదు.

ఏటీపీ దగ్గర తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. జీవకణాలన్నిటిలో శక్తిని మోసుకు తిరిగే ఈ అణువును 1929లో కనుగొన్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో, కాలేయంలో ఫాస్ఫరస్ ఏ రూపంలో ఉందో వెతుకుతూ దాన్ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కండరంలో దొరికిన ఆ అణువునే వెలుతురు సాయంతో హరితరేణువులు కూడా తయారుచేస్తాయని డేనియల్ ఆర్నన్ బృందం 1954లో రుజువు చేసింది. అప్పటికి సుబ్బారావు చనిపోయి ఆరేళ్లయింది.

ఏటీపీతో పాటు ఎన్‌ఏడీపీహెచ్ అనే మరో అణువు కూడా తయారవుతుంది. ఇక ఎండ పని అయిపోయింది. ఈ రెండింటి బలంతో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా కట్టడం రెండో అంకం. దాని దారిని బర్కిలీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కార్బన్‌ను గుర్తుగా పెట్టి ఒక్కో మెట్టూ పట్టుకున్నారు. 1961లో నోబెల్ కాల్విన్ ఒక్కడికే ఇచ్చారు. బెన్సన్‌కు వాటా ఇవ్వకపోవడం ఈ రంగంలో ఇప్పటికీ మాట్లాడుకునే విషయం.

మైదుకూరు పొలాలకు సంబంధించిన అసలు చిక్కు ఈ రెండో అంకంలోనే ఉంది.

కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైమ్ పేరు రూబిస్కో. అన్నం, చపాతీ, మాంసం, పాలు, ఏది తిన్నా అందులోని కార్బన్ ఎప్పుడో ఒకప్పుడు దాని చేతి మీదుగా వచ్చిందే. అంత ముఖ్యమైనది చాలా మందకొడి. సెకనుకు సుమారు మూడు అణువులు పట్టుకుంటుంది. అందుకే మొక్కలు దాన్ని కుప్పలుగా తయారుచేసుకోవాలి. ఆకులో కరిగి ఉండే ప్రోటీన్లలో సగం దాకా ఇదే ఉండొచ్చు. దాని అసలు జబ్బు వేరే ఉంది: కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాల్సిన చోట ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. ఆ రద్దీలో పొరపాటు జరగకపోతే ఆశ్చర్యం. ఒక మోస్తరు వేడిలోనే నాలుగైదు సార్లకు ఒకసారి తప్పు జరుగుతుంది. తప్పు పట్టిన ప్రతిసారీ దాన్ని సరిదిద్దడానికి ఏటీపీ ఖర్చవుతుంది, అప్పటికే పట్టిన కార్బన్‌లో కొంత గాలిలో కలుస్తుంది. దీన్ని కాంతిశ్వాస అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ తప్పులు పెరుగుతాయి.

కడప జిల్లా ఎండ దీనికి ఇంకో మెలిక పెడుతుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే ఆకు తన పత్రరంధ్రాలను తెరవాలి. తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. వరి లాంటి మొక్క ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించడానికి నాలుగైదు వందల నీటి అణువులను పోగొట్టుకుంటుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేలలో ఇది మోయలేని ఖర్చు. అందుకని మిట్టమధ్యాహ్నం నేలలో తడి చాలని మొక్క రంధ్రాలు మూసుకుంటుంది. మూసుకున్నాక లోపలి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, ఆక్సిజన్ పోగవుతుంది, రూబిస్కో మరిన్ని తప్పులు చేస్తుంది. ఎండ మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంటుంది. వాడుకోలేని కాంతిని వేడిగా మార్చి వదిలించుకోవడమే ఆకుకు పెద్ద పనైపోతుంది. రాయలసీమలో పంటకు వెలుతురు కొరత ఏనాడూ లేదు. ఆ వెలుతురును వాడుకోవడానికి రంధ్రాలు తెరిచే స్తోమతే లేదు.

వరికి ఈ స్తోమతను మనుషులు కల్పించారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ పడవల రవాణాకు కూడా ఉద్దేశించినది. పడవల సంగతి ఎలా ఉన్నా, మైదుకూరు వైపు ఆకులు మధ్యాహ్నం కూడా రంధ్రాలు తెరిచి ఉంచుకోగలగడం ఆ నీటి పుణ్యమే. పసుపు కథా కొంత ఇదే. మైదుకూరు పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. దుగ్గిరాల, టేకూరుపేట, ఆర్మూరు రకాల్లాగే దీర్ఘకాలికం, తొమ్మిది నెలల దాకా నేలలో ఉంటుంది. పసుపు ఆకు పూర్తి ఎండను వాడుకోలేదు, కొద్దిపాటి నీడను ఇష్టపడుతుంది. తెలుగు నేలల్లో పసుపులో మొక్కజొన్న సాళ్లు వేసే అలవాటుకు వెనక ఉన్న లెక్క బాగుంది: పైనున్న మొక్క మండే ఎండను తాగుతుంది, కిందున్నదానికి ఆ నీడలో దుంప ఊరుతుంది.

శనగ మరో ఉపాయం చేసింది. అది ఎండతో పెట్టుకోదు. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో దాగిన తడి మీద చలికాలంలో పెరిగి, వేసవి ముదిరేలోపు చేతికొస్తుంది. లంకమల, పాలకొండల ఎర్రచందనమైతే ఎండాకాలం వచ్చేసరికి ఆకులు రాల్చేసి దుకాణం మూసేస్తుంది.

జొన్న దుకాణం మూయదు.

జొన్న, కొర్ర, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకు, ఇవన్నీ రూబిస్కో తప్పు చేసే అవకాశం దాదాపు లేకుండా ఆకును తిరిగి కట్టుకున్నాయి. హవాయి చెరకు పరిశోధకులు రేడియోధార్మిక కార్బన్‌తో చూస్తే కాల్విన్ చెప్పిన మూడు కార్బన్ల పదార్థం బదులు నాలుగు కార్బన్ల ఆమ్లాలు ముందుగా కనిపించాయి. 1965లో ఆ సంగతి అచ్చయింది. బ్రిస్బేన్‌లో ఒక చక్కెర కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న మార్షల్ హ్యాచ్, రోజర్ స్లాక్ దాన్ని పట్టుకుని 1966 నుంచి మొత్తం దారిని బయటపెట్టారు. అప్పటినుంచి వరి రకం మొక్కలు సీ-3, జొన్న రకం మొక్కలు సీ-4 అయ్యాయి.

జొన్న ఆకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కో ఈనె చుట్టూ పెద్ద పెద్ద కణాలు వలయంలా కనిపిస్తాయి. వాటి చుట్టూ మరో వరస. బయటి వరస కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడానికి రూబిస్కోను కాక, ఆక్సిజన్ వైపు కన్నెత్తి చూడని మరో ఎంజైమ్‌ను వాడతాయి. పట్టినదాన్ని నాలుగు కార్బన్ల ఆమ్లంగా చేసి లోపలి వలయానికి పంపుతాయి. అక్కడ ఆమ్లం విడిపోయి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ బయటపడుతుంది. రూబిస్కో ఉండేది ఆ లోపలి కణాల్లోనే. దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ సాంద్రత పది రెట్ల దాకా పెరిగేసరికి ఆక్సిజన్‌ను పట్టుకునే సందు దాదాపు దొరకదు. ఈ చాకిరీకి ఒక్కో అణువుకు రెండు ఏటీపీలు అదనంగా ఖర్చు. చల్లని మసక దేశాల్లో అది దండగ ఖర్చు. మైదుకూరులో ఏటీపీకి కావలసిన ఎండ ఊరికే దొరుకుతోంది. పైగా లోపల కార్బన్ కొరత లేదు కాబట్టి రంధ్రాలను కొద్దిగా తెరిచినా చాలు. అదే ఎండలో అంతే కార్బన్ సంపాదించడానికి జొన్నకు వరికి పట్టే నీటిలో సుమారు సగం చాలు.

ఇలాంటి మొక్కలు పూలమొక్కల జాతుల్లో దాదాపు 3 శాతమే. అయినా నేల మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు పావు వంతు వాటిదే. ఈ విద్యను అవన్నీ ఒకే పూర్వీకుడి నుంచి నేర్చుకోలేదు. వేర్వేరు కుటుంబాల్లో అరవైకి పైగా సార్లు విడివిడిగా పుట్టుకొచ్చింది.

పుట్టుకొచ్చే దారిలో సగం దూరంలో ఆగిన మొక్కలు కూడా ఉండాలి కదా అన్న ప్రశ్నకు ఒక జవాబు రాయలసీమ నుంచే వెళ్లింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ వృక్షశాస్త్రం చెబుతూ, సీ-4 మొక్కల మీద పరిశోధన బృందాన్ని తయారుచేశారు. ఆయన శిష్యుడు ఆగేపాటి రాఘవేంద్ర, జి. రాజేంద్రుడు, ఆయన కలిసి 1978లో ‘నేచర్’ పత్రికలో రెండు పుటల వ్యాసం రాశారు. మొల్లుగో న్యూడికాలిస్ అనే నేలబారు కలుపు మొక్క మీద ఆ వ్యాసం. ఒకే మొక్కలో లేత ఆకులు వరిలాగా, ముదురు ఆకులు జొన్నలాగా కార్బన్ పట్టుకుంటున్నాయని వాళ్లు చూపించారు. తర్వాతి పరిశోధనలు దీన్ని పూర్తి సీ-4 అనకుండా మధ్యరకంగా లెక్కవేశాయి. అయినా మొక్క ఒక రకం, విద్య ఒక రకం అనే గిరి చెరిగిపోవడంలో ఆ వ్యాసానికి వాటా ఉంది. రామదాస్, రాఘవేంద్ర కలిసి అప్పటికి తెలిసిన సీ-4 మొక్కల జాబితాను కూడా పెంచుతూ పోయారు. రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఈ రంగంలో ప్రపంచం చదివే గ్రంథాలకు సంపాదకుడయ్యారు.

ఇక నాగజెముడు. పగలంతా రంధ్రాలు బిగించుకుని కూర్చునే ఈ మొక్క ఎప్పుడు ఊపిరి పీలుస్తుంది? రాత్రి. చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లారి రంధ్రాలు మూసుకుని ఆ ఆమ్లాన్ని విడగొట్టి, ఎండ సాయంతో చక్కెర చేసుకుంటుంది. జొన్న రెండు చోట్ల చేసే పనిని ఇది రెండు పూటల్లో చేస్తుంది. కలబందదీ, ఇప్పుడు అనంతపురం వైపు రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్‌దీ ఇదే పద్ధతి.

ఈ రాత్రి పనిని తొలిసారి నాలుకతో పట్టుకున్నవాడికి తెలుగు దేశంతో గట్టి సంబంధం ఉంది. బెంజమిన్ హేన్ జర్మన్. మొరేవియన్ మిషనరీగా వచ్చి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి సామర్లకోట వృక్షోద్యానాన్ని చూసుకున్నాడు. మొక్కల కోసం, ఖనిజాల కోసం దక్షిణాదంతా తిరిగాడు. 1814లో లండన్‌లో అచ్చయిన అతని పుస్తకంలో కడప దగ్గర పెన్న ఒడ్డు వజ్రాల గనుల వర్ణన ఉంది. 1813లో లండన్ నుంచి రాసిన ఒక ఉత్తరంలో అతను రణపాల ఆకు గురించి చెప్పాడు: పొద్దున్నే నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని. లిన్నియన్ సొసైటీ దాన్ని 1815లో ప్రచురించింది. రాత్రి పోగైన మాలిక్ ఆమ్లం పొద్దున పులుపు. అది పగలు ఖర్చయిపోతే చప్పదనం. కారణం తెలియడానికి నూరేళ్లకు పైగా పట్టినా, హేన్ గమనింపులో దిద్దాల్సింది ఏమీ రాలేదు. (పెరట్లో రణపాల ఉందని ఈ ప్రయోగం నోటితో చేయబోకండి. దాని ఆకుల్లో గుండె మీద పనిచేసే విషాలున్నాయి. ఆస్ట్రేలియాలో మేసిన పశువులు చచ్చిన సందర్భాలున్నాయి.)

నీటి పొదుపులో ఈ రాత్రి పద్ధతిని మించింది లేదు. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు యాభై, వంద నీటి అణువులతో సరిపెడుతుంది. అయితే ఆమ్లం దాచుకునే చోటు ఎంతో, రాబడీ అంతే. అందుకే నాగజెముడు బతుకుతుంది గానీ జొన్నలా ఎదగదు.

రెండు విద్యలూ తెలిసిన మొక్క ఒకటి గెనిమల మీద, కాలువ గట్ల మీద ఎవరూ విత్తకుండానే మొలుస్తుంది. గంగపాయల కూర. పప్పులో వేస్తే కాస్త పులుపు తగులుతుంది. తడి ఉన్నప్పుడు ఇది జొన్న పద్ధతిలో శరవేగంగా పెరుగుతుంది. నేల ఎండితే నాగజెముడు పద్ధతి కూడా మొదలుపెడుతుంది. రెండూ ఒకే ఆకులో ఎలా కుదురుతాయని చాలాకాలం అనుమానం ఉండేది. వేరువేరు కణాలు పంచుకుంటాయేమో అనుకున్నారు. 2022లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించింది వేరు. ఒకే కణంలో రెండు దారులూ కలిసిపోయి ఉన్నాయి. రాత్రి దాచిన ఆమ్లం పగలు నేరుగా సీ-4 దారిలోకి చేరుతుంది. కలుపని పీకి గట్టున పారేసినా రెండు రోజులు వాడకుండా ఉండే ఈ మొక్క మొండితనానికి లావు కాడల్లోని నీటితో పాటు ఇదీ ఒక కారణం.

సీమ తిండిలో ఈ సీ-4 విద్య ఆనవాళ్లు వేలఏళ్ల వెనక్కి పోతాయి. కడప జిల్లా హనుమంతరావుపేట లాంటి నవీన శిలాయుగపు స్థలాల్లో మాడిపోయిన గింజలు దొరికాయి. వాటిని పరీక్షించిన డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ తదితరులు అండుకొర్ర, కొర్రకు దగ్గరి చుట్టమైన ఒక గడ్డిగింజ, ఉలవలు, పెసలు ఆనాటి ముఖ్యమైన తిండి అని తేల్చారు. మొదటి రెండూ సీ-4 గింజలు. బరువైన కార్బన్-13ను సీ-3 మొక్కలు ఎక్కువగా వదిలేస్తాయి, సీ-4 మొక్కలు అంతగా వదిలేయవు. ఆ తేడా తిన్నవాళ్ల ఎముకల్లో, వెంట్రుకల్లో కూడా నిలిచిపోతుంది. అంటే రాగి సంగటి, జొన్న రొట్టెలతో పెరిగిన ఒంటికీ, వరన్నం మీద పెరిగిన ఒంటికీ కార్బన్ లెక్కలోనే తేడా ఉంటుంది. తేనెలో చెరకు పాకం కలిపారా అని ప్రయోగశాలలు పట్టుకునేది కూడా చాలావరకు ఈ తేడాతోనే: తేనెటీగలు వాలే పూలు ఎక్కువగా సీ-3 మొక్కలవి, చెరకు సీ-4.

కొర్ర ఇప్పుడు చేను దాటి ప్రయోగశాలకు కూడా చేరింది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది వంటి కొర్ర రకాలను రైతులకు ఇచ్చింది. 2012లో కొర్ర జన్యుపటం పూర్తయింది. మొక్క చిన్నది, తొందరగా కాపుకొస్తుంది, జన్యురాశి కూడా చిన్నదే కాబట్టి సీ-4 విద్యను విప్పి చూడాలనుకునేవాళ్లు దీన్నీ దీని అడవి చుట్టాన్నీ పెంచుకుంటున్నారు. వాళ్ల గురి వరి మీద ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దగ్గర మొదలైన సీ-4 వరి ప్రయత్నానికి పదిహేనేళ్లు దాటాయి. ఎంజైములు వరిలో చేర్చడం అంత కష్టం కాలేదు. కష్టమంతా కట్టడంలో ఉంది: ఈనెలు దగ్గర దగ్గరగా రావాలి, వాటి చుట్టూ ఉన్న కణాలు లావెక్కాలి, వాటి నిండా హరితరేణువులు ఉండాలి. వరిలో ఆ లోపలి వలయపు కణాలు దాదాపు ఖాళీగా ఉంటాయి. 2017లో ఆక్స్‌ఫర్డ్‌లో జేన్ లాంగ్‌డేల్ బృందం మొక్కజొన్న జన్యువు ఒకటి వరిలో పెట్టి ఆ కణాల్లో హరితరేణువులను పెంచగలిగింది. ఈనెల మధ్య దూరం తగ్గించడం, రెండు వరసల కణాలకు పనులు పంచడం ఇంకా మిగిలే ఉన్నాయి. ఈలోగా కేసీ కాలువ కింద వేసే సాంబమసూరి వరి పాత సీ-3 పద్ధతిలోనే, సుంకేసుల నుంచి వచ్చే నీటి మీద ఆధారపడి పండుతోంది.